ముప్పై ఒకటో పేజీ సారు

మహిపాల్ సారుకు ఇంగ్లీషు రాదు. ఇది అసూయతో అంటున్న మాట కాదు. పదకొండేళ్లుగా ఆయన నోట్సు జిరాక్సు తీసిన మనిషిని, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్క సందులో, మందుల షాపు కింద సెల్లార్‌లో నా కొట్టు. రెండు జిరాక్సు మిషన్లు, ఒక కంప్యూటరు, నేను. పేరు సూర్యప్రభ. సరిగ్గా నా నెత్తి మీద, మూడో అంతస్తులో, కోచింగ్ సెంటరు. సందు మొదట్లోనే సారు ఫ్లెక్సీ కనిపిస్తుంది. చేతులు కట్టుకుని, మెడ పైకెత్తి, ఆకాశంలో ఎవరికో అటెండెన్సు వేస్తున్నట్టు చూస్తుంటాడు. కింద పెద్ద అక్షరాలు: ‘ఇంగ్లీష్ కింగ్’. కింగట! ఆయనకు రాకపోతే నీకేం పోయిందమ్మా అంటారా? నాకేం పోలేదు. పోయింది జ్యోతికకు. ఆమె చేతికి అందాల్సిన ఉద్యోగం పోయింది. సారు సంగతి చెప్పాలంటే చివరికి అక్కడికే రావాలి.

ఆయనది నల్లగొండ అవతల ఒక ఊరు. డిగ్రీ అయ్యాక ఒక ట్రంకుపెట్టె, ఒక బియ్యం మూటతో ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగాడు. కొత్తపేటలో ఒక గదిలో ఐదుగురు. తొమ్మిదిసార్లు బ్యాంకు పరీక్షలు రాశాడు, తొమ్మిదిసార్లూ పోయింది. పోవడం నేరమేం కాదు. ఈ సందుల్లో తిరిగే వాళ్లలో సగం మంది జేబుల్లో పోయిన పరీక్షల హాల్ టికెట్లే ఉంటాయి. వాళ్లలో చాలామంది ఏదో ఒక పని చూసుకుని బతుకుతారు. ఈయన మాత్రం రాని సబ్జెక్టునే పనిగా పెట్టుకున్నాడు.

అది ఎలా జరిగిందో సెంటరు యజమాని శైలేందర్ చాయ్ తాగుతూ నాకే చెప్పాడు, అదేదో ఘనకార్యంలాగా. అప్పట్లో ఇంగ్లీషు చెప్పేది ఒక రిటైర్డ్ లెక్చరర్. ఒకరోజు ఆయన రాలేదు. హాలు నిండా జనం. మహిపాల్ ముందు బెంచీలో కూర్చుని ఉన్నాడు. డబ్బు కట్టిన పాపానికి ఆ క్లాసునే నాలుగోసారి వింటున్నాడు.

“నాలుగుసార్లు ఇన్నవ్ గదనే, పొయ్యి నువ్వే చెప్పు” అన్నాడట శైలేందర్.

ఈయన లేచి వెళ్లి గంటన్నర చెప్పాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. ముసలాయన వేసే జోకులు అదే చోట వేశాడు. ముసలాయన దగ్గే చోట ఈయనా దగ్గాడట. పిల్లలు చప్పట్లు కొట్టారు. వారం తిరిగేసరికి ముసలాయన్ని రావద్దన్నారు. ఆ రోజు నుంచీ మహిపాల్, మహిపాల్ సారయ్యాడు. ఇంగ్లీషు నేర్చుకునే అవసరం ఆయనకు ఆ రోజుతో తీరిపోయింది.

ఆయన ఆస్తల్లా నలభై ఎనిమిది పేజీల నోట్సు. అది ఆ ముసలాయన చేతిరాతే. కానీ మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పద్ధతుంది. ఇక్కడ అసలు కాగితాన్ని ఎవరూ జిరాక్సు తీయించరు. అసలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. సీనియర్ దగ్గరున్న జిరాక్సుకు జిరాక్సు, దానికి రూమ్మేటు తీయించిన జిరాక్సు, దానికి వాడి ఊరివాడు తీయించిన జిరాక్సు. అలా తరాలు గడుస్తాయి. మేం షాపులవాళ్లం ఏమైనా తక్కువ తిన్నామా? టోనర్, అదే మిషన్లో పోసే నల్లపొడి, ఎక్కువ రోజులు రావాలని మిషన్ను ‘లైటు’లో పెట్టి నడుపుతాం. ముందు సన్నగీతలు ఎగిరిపోతాయి. తర్వాత చుక్కలు పోతాయి, ఆ తర్వాత కామాలు. అక్షరాలు మొండివి, అవి నిలబడతాయి. మహిపాల్ సారు చేతిలో ఉన్నది ఎన్నో తరం జిరాక్సో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు ముప్పై ఒకటో పేజీ దగ్గరికి రండి. ఆ పేజీ అంతా ఇంగ్లీషులో ‘హూ’, ‘విచ్’, ‘దట్’ అనే మాటలతో వచ్చే వాక్యాల గురించి. ఎక్కడ కామా పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నదే పాఠం. సంగతి చాలా చిన్నది. నేను పెళ్లికి ముందు విజయవాడలో ఒక అచ్చాఫీసులో ఆరేళ్లు ఇంగ్లీషు ప్రూఫులు దిద్దాను, కాబట్టి నాకు తెలుసు. ఎవరి గురించి చెబుతున్నామో ముందే తెలిసిపోయి, ఊరికే ఇంకో ముక్క కలుపుతున్నామనుకోండి, ఆ ముక్కకు అటూ ఇటూ కామాలు పెడతాం. ‘మై ఫాదర్, హూ వాజ్ బార్న్ ఇన్ నల్గొండ, డ్రైవ్స్ ఎ లారీ’. నాన్న ఒక్కడే కదా, నల్లగొండలో పుట్టాడన్నది అదనపు ముక్క. ఆ కామాలు తీసేశారంటే నల్లగొండలో పుట్టిన నాన్న ఒకడు, సూర్యాపేటలో పుట్టిన నాన్న ఇంకొకడు ఉన్నట్టు అర్థం వస్తుంది. ‘ద బస్ దట్ గోస్ టు ఎల్‌బీ నగర్’ అన్నామనుకోండి, అక్కడ కామా పెట్టం. ఏ బస్సో చెబుతున్నది ఆ ముక్కే. దాన్ని విడదీస్తే ఏ బస్సో తెలియదు. అంతే, ఇంతకన్నా ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఆ పేజీలో ఉన్న ఉదాహరణలు కూడా ఈ రెండే. సారు జిరాక్సులో నాన్న చుట్టూ ఉన్న కామాలు రెండూ ఎగిరిపోయాయి. బస్సు దగ్గర మాత్రం, ‘దట్’ తర్వాత, నిండుగా నల్లగా ఒక మచ్చ ఉంది. సారు దాన్ని చూశాడు, కామా అనుకున్నాడు, రూలు కట్టాడు. ‘హూ’ వస్తే కామా ఉండదు, ‘దట్’ వస్తే తర్వాత కామా తప్పదు. సరిగ్గా తలకిందులు! మళ్లీ దానికో పాట. మైకు నోటి దగ్గర పెట్టుకుని, “హూకు?” అంటాడు. రెండొందల మంది, “వద్దు!” అంటారు. “దట్‌కు?” అంటాడు. “ముద్దు!” అని అరుస్తారు. ఆ అరుపుకు నా సెల్లార్ పైకప్పు అదిరి సున్నం రాలేది. పదిహేనేళ్లు అరిచారండీ! వాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఇంకో పుస్తకం తెరిచి చూడలేదు. అలాంటి సారుకు అలాంటి శిష్యులే దొరుకుతారు.

మూడేళ్ల కిందట శైలేందర్‌కు బుద్ధి పుట్టింది. నోట్సును అచ్చు పుస్తకంగా వేద్దామన్నాడు. టైపు పని నాకిచ్చారు. ముప్పై ఒకటో పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ మచ్చ నాకు కామాలా అనిపించలేదు. ముప్పై రెండో పేజీ తీశాను. అదే ఎత్తులో, ఎడమ అంచు నుంచి అంతే దూరంలో, రెండు మాటల మధ్య ఖాళీలో అదే మచ్చ. ముప్పై మూడులో ఒక అక్షరం నెత్తి మీద, ముప్పై నాలుగులో వరస కింద. నాలుగు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబులైటుకు పట్టాను. నాలుగు మచ్చలూ ఒక్కచోటే కూర్చున్నాయి. జిరాక్సు పని చేసేవాళ్లెవరికైనా అర్థమైపోతుంది. అది ఏదో ఒక కాలంలో, ఏదో ఒక షాపు మిషన్ అద్దం మీద ఎండిపోయి, మురికి పట్టి, ప్రతి కాపీలోనూ నల్లగా పడ్డ వైట్నర్ చుక్క. ఆ చుక్కకు మొక్కుతున్నారు వీళ్లంతా.

నవ్వు ఆపుకోలేక మూడంతస్తులు ఎక్కాను. స్టాఫ్ రూములో సారుతో పాటు శైలేందర్ ఉన్నాడు, లెక్కల సారు ఉన్నాడు.

“సార్, ఇది కామా కాదండీ, మరక. నాలుగు పేజీల్లోనూ ఒక్కచోటే ఉంది, చూడండి. ఈ రూలు తప్పు సార్, అచ్చులోకి వెళ్లేలోపు దిద్దేద్దాం” అన్నాను.

అందరి ముందూ అనకుండా ఉండాల్సింది, నిజమే. నాకు ఆ తెలివి ఉంటే ఇంకేం.

సారు కాగితాల వైపు కన్నెత్తి చూడలేదు. “ఏంది మేడం! పదిహేనేండ్ల సంది చెప్తున్న గీ పాఠం. ఎంతమందికి నౌకర్లొచ్చినయ్ దీనితోని! నువ్వొచ్చి మరక అంటవా? టైపు కొట్టేటోళ్లు గూడ నాకు గ్రామర్ చెప్పుడైంది! ఉన్నది ఉన్నట్టు కొట్టు, గంతే నీ పని” అన్నాడు.

లెక్కల సారు నవ్వాడు. శైలేందర్ ఫోను చూసుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరేళ్లు ప్రూఫులు దిద్దిన దాన్ని, నన్ను పట్టుకుని టైపు కొట్టేదాన్ని చేశాడు, తొమ్మిదిసార్లు తప్పిన మనిషి! కిందికొచ్చి కుర్చీలో కూర్చుని, సరేరా అబ్బాయీ, ఉన్నది ఉన్నట్టే కొడతాను, చూసుకో అనుకున్నాను. నాన్న చుట్టూ ఒక్క కామా కూడా పెట్టలేదు. ‘దట్’ తర్వాత మచ్చను చక్కటి కామాగా కొట్టాను. మిగతా నలభై ఏడు పేజీల్లో స్పెల్లింగులన్నీ దిద్దాను. ఆ ఒక్క పేజీని మాత్రం ముట్టలేదు. అచ్చయి బయటికొస్తే ఎవడో ఒకడు చదువుకున్నవాడి కంట పడుతుంది, దిల్‌సుఖ్‌నగర్ అంతా పకపకా నవ్వుతుంది, ఫ్లెక్సీ కిందికి దిగుతుంది. అదీ నా ఆశ.

ఎవరూ నవ్వలేదు. పుస్తకం అచ్చయింది, అట్ట మీద సారు ఫోటో పడింది, మొదటి బ్యాచ్‌కే అయిపోయింది. పక్క సందులో ఇంకో సెంటరువాడు ఆ పేజీని ఎత్తి తన పుస్తకంలో పెట్టుకున్నాడు, ఉదాహరణలో ఊరి పేరు కూడా మార్చకుండా. ఇదివరకు జిరాక్సు కాగితం కాబట్టి ఏ ఒక్కడికైనా సరిగ్గా పడలేదేమో అన్న అనుమానం వచ్చే వీలుండేది. అచ్చులో పడ్డాక అదీ పోయింది. ఈ జనానికి అచ్చులో పడితే చాలు, ఇంకేం అక్కర్లేదు.

ఆ తర్వాతి బ్యాచ్‌లో చేరింది జ్యోతిక. పెద్ద అంబర్‌పేట్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో డెస్కు దగ్గర పేషెంట్లకు చీటీలు రాయడం ఆమె పని. పొద్దున్నే అక్కడికి ఇంగ్లీషు పేపరు వస్తుందట, పేషెంట్లు వచ్చేలోపు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేసేది. పన్నెండేళ్లుగా అదే అలవాటు. ఏ కోచింగూ లేకుండా ఆమెకు నిజంగానే ఇంగ్లీషు వచ్చు. ఒక సర్కారు ఆఫీసులో ప్రూఫ్ రీడర్ పోస్టులు ఆరు పడ్డాయని తెలిసి, దానికోసం చేరింది. అలాంటి నోటిఫికేషన్ పదకొండేళ్ల తర్వాత వచ్చింది. మళ్లీ వచ్చేనాటికి ఆమెకు వయసు దాటిపోతుంది. భర్త నడుము దెబ్బతిని లారీ నడపడం మానేశాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. “ఇదొక్కటే అక్కా నాకు, ఇది పోతే ఇంగ లేదు” అని నా దగ్గర ఫోటోలు ప్రింటు తీయించుకుంటూ చెప్పింది. ఆ పరీక్షలో ఇచ్చే పని కూడా అదే, వాక్యాలు ఇస్తారు, కామాలు దిద్దాలి. ఆమెలాంటి మనిషికి చిటికెలో పని.

కర్మ కాకపోతే సారు క్లాసుకెందుకు వెళ్లాలి? కానీ వెళ్లింది. కోచింగ్ లేకుండా ఉద్యోగం రాదని ఇక్కడ పసిపిల్లలకు కూడా నూరిపోస్తారు. ముప్పై ఒకటో పేజీ చెప్పిన రోజు ఆమె లేచి నిలబడి డౌటు అడిగిందట. పేపరులో అలా రాయడం లేదు కదా సార్ అని. “పేపరోళ్లు పరీక్ష పెడుతున్నరా, నేను చెప్పేది చేస్తవా?” అన్నాడట సారు. హాలంతా నవ్వింది. “హూకు?” అన్నాడు. “వద్దు!” అన్నారు. ఆమె కూర్చుంది.

కూర్చుంది గానీ ఆమెకు మనసొప్పలేదు. పరీక్షకు పది రోజులుందనగా నా కొట్టుకు వచ్చింది. ఒక చేతిలో ఇంగ్లీషు పేపరు, ఇంకో చేతిలో సారు పుస్తకం. పేపర్లో అక్కడక్కడా ఎర్ర పెన్నుతో గీతలు గీసుకుంది.

“అక్కా, జర చూడు. వీళ్లు హూ ముంగట కామా పెడుతున్నరు. దట్ దగ్గర పెడ్తలేరు. సారేమో ఉల్టా చెప్తుండు. నువ్వే గదా టైపు కొట్టింది. ఒరిజినల్‌ల ఏమున్నది? నాకు పరేషాన్ అయితుంది.”

ఆ రోజు పొద్దున్నే సారు నన్ను మెట్ల మీద దాటుకుంటూ పోతూ, పక్కనున్న కొత్త మేడమ్‌తో, “ఈమెనే మన టైపిస్టు, గ్రామర్ గూడ చెప్తది” అని కన్ను కొట్టి పోయాడు. ఆ కన్ను కొట్టడం నేనింకా మర్చిపోలేదు. చెప్పేస్తే ఈ ఒక్కతీ బాగుపడుతుంది. చెప్పకపోతే బ్యాచ్‌కు బ్యాచంతా తప్పుతుంది. ఈసారి పరీక్షే కామాల మీద. సారు రిజల్టు పగులుతుంది. అప్పుడు చూస్తాను ఆ ఫ్లెక్సీ ఎలా నిలబడుతుందో! ఇంత లెక్క నా తలలో ఒక్క క్షణంలో నడిచింది. దాచుకోవడం ఎందుకు, ఉన్నదే చెబుతున్నాను.

“సార్ ఇచ్చింది ఇచ్చినట్టే కొట్టానమ్మా. డౌటుంటే సార్‌నే అడుగు” అన్నాను.

అందులో అబద్ధం ఏముంది? ఒక్క అక్షరం అబద్ధం లేదు. “అయితే సారు చెప్పిందే కరెక్టు కావచ్చులే, అచ్చుల గూడ అట్లనే ఉన్నది” అని తనకు తనే సర్దిచెప్పుకుని, పేపరు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రిజల్టు ఫిబ్రవరిలో వచ్చింది. నేను కోరుకున్నట్టే పగిలింది. ఆ పోస్టులకు రాసిన వాళ్లు మా సెంటరు నుంచి నలభై మంది, ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. సారు ఏమైనా కుంగిపోయాడనుకుంటున్నారా? స్టాఫ్ రూములో కాలు మీద కాలేసుకుని, “పేపర్ సెట్ చేసినోనికే ఇంగ్లీషు రాదు, కేసు ఏద్దామా అని చూస్తున్న” అన్నాడు. పిల్లలు తలలూపారు. ఫ్లెక్సీ దిగలేదు సరిగదా, దాని పక్కన కొత్త బ్యాచ్ ఫ్లెక్సీ ఇంకోటి లేచింది. సిగ్గన్నది ఉంటే కదా దిగడానికి!

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం జ్యోతిక వచ్చింది. జవాబుల కీ ప్రింటు తీయమంది. తీసిచ్చాను. నిలబడే వేలితో ఒక్కొక్కటీ సరిచూసుకుంది. ఆరో పోస్టు దక్కిన మనిషికీ ఈమెకూ మధ్య నాలుగు మార్కులు. కామాలు దిద్దే ప్రశ్నల్లో తొమ్మిది ఈ ‘హూ’, ‘దట్’ వాక్యాలే.

“తొమ్మిది గూడ మొదలు కరెక్టే రాసిన అక్కా” అంది. “రాసినంక సారు పాట యాదికొచ్చింది. అన్ని కొట్టేసి మళ్ల రాసిన. టైము గూడ ఉండె.”

ఏడవలేదు. పొడిగా చెప్పింది. నాకు మాత్రం లోపల ఉప్పొంగింది. ఎన్నాళ్ల నుంచి నోరు కట్టుకుని కూర్చున్నానో ఆ ఒత్తిడంతా ఒక్కసారి బయటపడింది. బీరువాలోంచి పాత జిరాక్సు తీశాను. నాలుగు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆమెను ట్యూబులైటు కిందికి లాక్కొచ్చి చూపించాను.

“చూడు, చూడు! ఇది కామానా? అద్దం మీద వైట్నర్ మరక. నాలుగు పేజీల్లోనూ అదే చోట. ఈ మరకకు పాట కట్టాడమ్మా ఆ మహానుభావుడు! నాన్న చుట్టూ ఉన్న కామాలేమో టోనర్ తక్కువై ఎగిరిపోయాయి. పదిహేనేళ్లు చెప్పాడు, ఒక్కనాడు ఇంకో పుస్తకం తెరిచాడా? తెలిసి చావదు, చెబితే వినడు! నేను చెబితే టైపు కొట్టేదానివి నీకెందుకన్నాడు. అలాంటోడి చేతిలో పడ్డావు నువ్వు!”

ఇంకా ఏమేమో అన్నాను. ఆయన పుట్టుక దగ్గర నుంచి ఫ్లెక్సీ దాకా ఏదీ వదలలేదు. చెబుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది. ఇన్నాళ్లకు నా మాట వినే మనిషి దొరికింది, అందులోనూ ఆ మాట విలువ తెలిసిన మనిషి.

జ్యోతిక ఆ మచ్చను చాలాసేపు చూసింది. గోటితో ఒకసారి గీకింది కూడా. కాగితాలు సర్ది నా బల్ల మీద పెట్టింది.

“గిది నీకు ఎప్పుడు తెల్సింది అక్కా?”

“నాకా? టైపు కొట్టేటప్పుడే పట్టేశాను” అన్నాను. గొప్పగానే అన్నాను. అనేదాకా నాకు తట్టలేదు.

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోవడానికి కూడా ఆలస్యమైంది.

“సారు తెల్వక చెప్పిండు” అంది. “నువ్వు తెల్సి ఊకున్నవ్.”

గట్టిగా కూడా అనలేదు. తిట్టలేదు. కీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.